నాచులో పందొమ్మిది

ఫిబ్రవరి. ఓస్త్రావా. నాలుగో అంతస్తు.
రాత్రి పదకొండు దాటాక
గప్పీ పిల్లల్ని పెట్టింది.

మొదట నీళ్ళలో నలక అనుకున్నాను.
కళ్ళజోడు తుడుచుకుని చూస్తే
నలకకి కళ్ళున్నాయి.
రెండు కళ్ళు, వెనకాల ఒక వెంట్రుక.
అంతే చేప.

ఒకటి జారి, గులకరాయి మీద ఆగి,
తనెక్కడికొచ్చిందో తేల్చుకునేలోపు
తల్లి గిరుక్కున తిరిగింది.
ముద్దాడుతుందనుకున్నాను.
మింగింది.

అద్దం మీద కొట్టాను.
"సిగ్గులేదే నీకు?" అని అరిచాను,
ఒంటరి ఇంట్లో, అర్ధరాత్రి, చేప మీద.

అసలీ తొట్టి నాది కాదు, లుబోర్‌ది.
ముప్ఫై ఏళ్ళు బొగ్గుగనిలో దిగినవాడికి
పింఛనొచ్చాక
దీపమున్న నీళ్ళు కావాల్సొచ్చాయి.
నాకు చేపలు పడవు.
ఆ వాసన, ఆ కరెంటు బిల్లు, ఆదివారం ఆదివారం బకెట్లు.
ఆయన పోయి పదిహేను నెలలు.
ఎవరికైనా ఇచ్చేద్దామని
పదిహేను నెలలుగా అనుకుంటున్నాను.

కింద కూరగాయల కొట్టు వాళ్ళమ్మాయి న్యుంగ్
రాత్రిబట్టల మీద కోటు తొడుక్కుని
మెట్లెక్కి వచ్చింది,
చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో చిక్కుపడ్డ నాచు.
పన్నెండేళ్ళది. నాకు పనులు పురమాయించింది:
"ముందు ఫిల్టర్ మూతి కట్టండి,
తల్లికంటే అదే ఎక్కువ మింగుతుంది."

అంత్యక్రియలకి వేసుకున్న నల్ల మేజోడు కత్తిరించాను.
ఉల్లికాడల కట్టకున్న రబ్బరు బ్యాండుతో
ఆ గొట్టానికి బిగించాను.
మెత్తగా పీల్చుకుంటోంది ఇప్పుడు,
నిద్రపోయే ముసలాయన లాగా.

నాచు వేయగానే విచ్చుకుంది.
మిగిలిన నలకలన్నీ
ఎవరో చిరునామా ఇచ్చినట్టు
దానిలోకే వెళ్ళాయి.
చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు.
దాక్కోవడమూ నేర్పక్కర్లేదు.
దాక్కునేందుకు చోటుండాలి, అంతే.
గని కప్పు కూలిన రోజు
గుంజల సందున పదకొండు గంటలున్నాడు లుబోర్.
"మనిషి పట్టేంత ఉంటే చాలు" అనేవాడు,
ఆ పైన ఒక్క ముక్కా చెప్పేవాడు కాదు.

తెల్లారి లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి.
మళ్ళీ లెక్కపెడితే ఇరవై ఎనిమిది.
కదిలేవాటిని లెక్కపెట్టడం
అబద్ధమాడే పిల్లల్ని ప్రశ్నలడగడమే.

గుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన పల్చటి గుడ్డలో వడగట్టి,
గుండుసూది తలంత వేయమంది న్యుంగ్.
నేను చెంచాడు వేశాను.
పాపం, ఆకలేస్తుందేమో అని.
మర్నాటికి నీళ్ళు పాలవిరుగుడులా అయ్యాయి.
తొమ్మిది పిల్లలు
అడుగున, తెల్లగా, కళ్ళు తెరుచుకునే.

ఆ తొమ్మిదింటినీ తల్లి తినలేదు.
నేను చంపాను, చెంచాతో.
అప్పట్నించి దాన్ని తిట్టడం మానేశాను.

పందొమ్మిది మిగిలాయి.
కిటికీలోంచి చూస్తే
ఊరంతా మంచు, బొగ్గుమట్టి గుట్ట మీద తప్ప.
దాని కడుపులో ఇంకా నిప్పుందట,
మంచు నిలవదక్కడ.
నేనూ ఈ మధ్య రాత్రిళ్ళు రెండుసార్లు లేచి
తొట్టి నీళ్ళ వెచ్చన చూసి పడుకుంటున్నాను.

పేర్లు పెడదామంటుంది న్యుంగ్. వద్దన్నాను.
తల్లి నోటికంటే పెద్దదైన రోజున పెడదాం.
దానికీ ఓ పద్ధతి కనిపెట్టింది పిల్ల:
అద్దానికి స్కేలు ఆనించి
మొదట తల్లి నోరు, తర్వాత పిల్ల తల.
గోడ మీద పెన్సిలు గీతలు.
లుబోర్ చూస్తే సున్నం వేసిన గోడ అని గొడవపడేవాడు.

ఇవాళ పొద్దున, ఐదో వారం,
తోకలో నీలం పొడసూపినదొకటి
నాచు వదిలి నడిమధ్యకొచ్చేసింది.
తల్లి తిరిగింది.
నా కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.
మూతి దగ్గరికి వెళ్ళింది. చూసింది.
చూసి,
పక్కనించి వెళ్ళిపోయింది,
మెట్ల మీద ఎదురైన పొరుగింటావిడలా.

కొట్టుకి ఫోను చేశాను.
బడికి వెళ్ళిపోయిందట న్యుంగ్.
రాగానే చెప్పమన్నాను,
ఒక పేరు ఆలోచించుకోమని.
ఒక్కటే. ప్రస్తుతానికి.